రానూ పోనూ ఇరవై ఆరు మైళ్ళు

చెప్పాలి. ఆ ఆఫీసరు భోంచేసి వచ్చేలోగా చెప్పేయాలి. పెద్ద పురాణమేం కాదు గదా, ‘మౌలా, ఆ పొద్దు మనం కారులో ఉప్పు శాంపిళ్ళు తెచ్చినామని చెప్పు’ అంతే, నోరు తెరిచి మూసేంత సేపు. అయినా ముత్తుకూరు నుంచి నెల్లూరు దాకా పదమూడు మైళ్ళూ వెనక సీట్లో కూర్చొని నోరు తెరవలేదు నేను, తాటితోపు దాటినాక చెబుదామనుకున్నా, వాగు దాటినాక చెబుదామనుకున్నా, ఊరి మొదట్లో రైలు గేటు వేసుంటే ఇదే సమయమనుకున్నా, గేటు తీసినారు, బండి కదిలింది, అద్దంలో డ్రైవరు మౌలా కళ్ళు ఒకసారి నా మీద పడి మళ్ళీ రోడ్డు మీదికి పోయినాయి. ఇప్పుడేమో ఈ ఇన్‌కంటాక్సు ఆఫీసు వరండాలో బల్ల మీద, ఒళ్ళో మైళ్ళ పుస్తకం పెట్టుకొని కూర్చోనుండా. వాడు ఆ స్తంభం పక్కన నిలబడుండాడు. కూర్చోరా అంటే కూర్చోడు, ‘పరవాలేదమ్మా’ అంటాడు, ఎనిమిదేళ్ళుగా వాడికి నా దగ్గర అన్నీ పరవాలేదే. బంట్రోతు చెప్పినాడు, సారు మూడింటికి వస్తారని. లోపల గోడ గడియారంలో రెండు దాటి అయిదు నిమిషాలు. గంట సేపుంది. గంటలో పది మాటలు చెప్పలేనా, కృష్ణపట్నంలో యాభై ఎకరాల ఉప్పుమళ్ళు ఒక్కత్తెనే నడుపుతుండా, కూలీలతో అరుస్తా, పడవల వాళ్ళతో అరుస్తా, ముత్తుకూరులో ఆదిశేషమ్మ నోరంటే కరణానికి కూడా హడలు, ఆ నోరు ఈ పొద్దు ఎక్కడికి పోయినట్టు?

ఆ నోరే తెచ్చింది గదా ఈ తంటా. పోయిన బేస్తవారం ఇదే గదిలో, ఇదే పుస్తకం. కారు ఖర్చంతా వ్యాపారం ఖర్చేనంటే ఈ ఇన్‌కంటాక్సు వాళ్ళు ఒప్పుకోరు, మూడో వంతు మీ సొంతానికి వాడుకొనుంటారని కొట్టేస్తారు. కొట్టెయ్యకుండా ఉండాలంటే పుస్తకం పెట్టమన్నాడు ఆడిటరు రంగనాయకులు. ఏ రోజు, ఎక్కడికి, ఏం పని మీద, ఎన్ని మైళ్ళు, అన్నీ రాసి చూపిస్తే వ్యాపారానికి తిరిగినంతా పన్నులో తగ్గుతుందన్నాడు. నా రాత ముత్యాల్లాగుంటుందని ఊళ్ళో పేరు, సరే రాసినా, రెండేళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా రాసినా. ఆ ఆఫీసరు, నా కొడుకుంటే ఆ వయసుండేది, పేజీలు తిరగేస్తా తిరగేస్తా ఒక చోట వేలు పెట్టి ఆపినాడు. ‘నవంబరు పదిహేడు, శనివారం, ఉప్పు శాంపిళ్ళు, నెల్లూరు, రానూ పోనూ ఇరవై ఆరు మైళ్ళు. ఏమ్మా, ఆ శనివారం వాగు పొంగి ముత్తుకూరు బస్సే తిరగలేదు, బస్సుల వాళ్ళ లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. బస్సు పోలేని రోడ్డులో మీ కారెట్లా పోయింది?’ అని నవ్వినాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. కారు పోలేదంటాడా? పోయింది! నిజంగా పోయింది, నా కళ్ళతో చూసినా పోవడం! ‘నేను లేని మైళ్ళు రాసే మనిషిని కాదయ్యా, నమ్మకం లేకపోతే నా డ్రైవర్ని పిలిపించి ప్రమాణం చేయించుకో’ అన్నా. రంగనాయకులు బల్ల కింద నా కాలు తొక్కినాడు, అయినా ఆగలేదు నా నోరు. ‘మంచిదమ్మా, వచ్చే గురువారం తీసుకురండి’ అన్నాడు ఆఫీసరు, కాగితం మీద రాసుకున్నాడు కూడా. మెట్లు దిగుతుంటే అప్పుడు తట్టింది నాకు, ఆ శనివారం ఏ శనివారమో. మెట్టు మీదే ఆగిపోయినా, రంగనాయకులు ‘కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా’ అని చెయ్యి పట్టుకున్నాడు.

కారు పోయిన మాట నిజం. ఉప్పు మాటే అబద్ధం. ఆ పొద్దు కారులో ఉప్పు లేదు, సర్దార్‌బీ ఉంది, మౌలా పెళ్ళాం, పురిటి నొప్పుల్తో.

రంగనాయకులికి చెప్తే నవ్వేసినాడు. ఓసింతేనా అన్నాడు. ‘డ్రైవరే గదమ్మా, మీ ఉప్పు తినే మనిషే గదా, ఒక్కమాట చెప్పుకుపోండి, ఉప్పు శాంపిళ్ళని అనేస్తాడు, ఎవరొచ్చి చూసినారు? కానీ ఆ లైను అబద్ధమని తేలిందా, పుస్తకం మొత్తం అబద్ధం కింద కొట్టేస్తాడు, వెనకటివన్నీ తిరగదోడతాడు, పెనాల్టీ వేస్తాడు, మీ ఇష్టం’ అన్నాడు. చెప్పి తను మాత్రం ఈ పొద్దు ఏదో కేసుందని గూడూరు పోయి కూర్చున్నాడు, మహానుభావుడు. పెనాల్టీ వేస్తే కడతాం, దానికి చావను. చచ్చేది ఎక్కడంటే, ఆ స్తంభం పక్కన నిలబడుండే మనిషి దగ్గర. పెళ్ళాం చచ్చిన రోజును ఉప్పు అని చెప్పమని అడగాలి. అల్లా మీద ప్రమాణం చేసి చెప్పమని అడగాలి. వాడు చెయ్యననడు, అదే నా భయం. ‘సరేనమ్మా’ అంటాడు.

మీటరు సక్కంగా ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదేమో. మా ఆయన పోయే ముందే కొన్న ల్యాండ్‌మాస్టరు కారు అది, ఆయన పోయిన ఏడాదే మైళ్ళ మీటరు తీగ తెగింది, మద్రాసు నుంచి సామాను తెప్పించాలన్నారు, తెప్పించినామా, లేదు. రంగనాయకులు పుస్తకం రాయమన్నప్పుడు మైళ్ళెట్లా తెలిసేదబ్బా అని తలపట్టుకుంటే మౌలానే చెప్పినాడు దారి. వాడికి చదువు రాదు, అంకెలు కూడా కూడబలుక్కుంటాడు, కానీ రోడ్డు మీద రాళ్ళు వాడికి చుట్టాల్లాగా. ఎడమ జేబులో చింతపిక్కలు పోసుకుంటాడు, మైలురాయి దాటినప్పుడల్లా ఒక పిక్క తీసి కుడి జేబులో వేస్తాడు, చేతికి అలవాటై పోయింది, మాట్లాడతా కూడా వేస్తాడు, పాట పాడుకుంటా కూడా వేస్తాడు. సాయంత్రం కారు షెడ్డులో పెట్టి వచ్చి కుడి జేబు నా ముందర ఒంపుతాడు. నేను లెక్క పెట్టి పుస్తకంలో రాసి, అవి రెండు డబ్బాల్లో వేయిస్తా, పెద్ద బిస్కెట్ల డబ్బా కంపెనీది, చిన్న నెయ్యి డబ్బా ఇంటిది. నెలాఖరుకు రెండు డబ్బాలూ పుస్తకంతో సరిచూసుకుంటా. మధ్యలో గవర్నమెంటు వాళ్ళు మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు నాటడం మొదలు పెట్టినారు, మౌలాకు కోపమొచ్చింది, ‘దగ్గర దగ్గర నాటి మనల్ని మోసం చేస్తుండారమ్మా’ అన్నాడు, కొత్త రాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు, పాతరాళ్ళు పీకేసిన గుంటల్ని గుర్తు పెట్టుకొని ఆ గుంట దగ్గరే పిక్క మార్చేవాడు. నేను నవ్వినా ఆ పొద్దు. ఇంటికొచ్చిన వాళ్ళకంతా చెప్పి నవ్వినా.

ఎండ వరండా మీదికి పాకుతుంది. కాళ్ళు లోపలికి లాక్కున్నా. మార్గశిరం ఎండ కాదిది, మార్చి నెల ఎండ, ఆ పొద్దు మాత్రం ఎండ మొహం చూడలేదు వారం రోజులు. కార్తీకం వాన, వాననే మాట చాలదు దానికి, ఆకాశం దిగొచ్చి ఇంటి మీద కూర్చున్నట్టుండింది, ఉప్పుమళ్ళన్నీ నీళ్ళ కింద పోయినాయి. రేడియోలో చైనా యుద్ధం, నేను పడకకుర్చీలో పడుకొని వింటుండా, తెల్లవారి ఇంకా కాఫీ కూడా తాగలేదు. మౌలా వాకిట్లోకి వచ్చినాడు, గోనెసంచి నెత్తిన కప్పుకొని, లోపలికి రాలేదు. ‘అమ్మా, ఇంట్లో రాత్రి నుంచి కష్టంగా ఉంది, మంత్రసాని చెయ్యి వదిలేసింది’ అన్నాడు. అంతే అన్నాడు, కారు ఇమ్మని అడగలేదు. అడిగేదానికి కూడా వాడికి నోరు రాలేదు, ఇప్పుడు నాకు రానట్టే. నేనే అన్నా, ‘అదేందిరా, చూస్తా నిలబడుండావు, కారు తీసుకొని పో, ఆసుపత్రికి పో’ అని. పెట్రోలుకు డబ్బులిచ్చినా. పాత దుప్పటి ఇచ్చినా, సీటు మీద వేసుకోమని. దుప్పటి సర్దార్‌బీ కోసం ఇచ్చినానా సీటు కోసం ఇచ్చినానా, ఛీ, అది కూడా ఇప్పుడు అడగాలా నన్ను నేను? మౌలా వాళ్ళమ్మ హజరాబీ ముసల్ది సర్దార్‌బీ తల ఒళ్ళో పెట్టుకొని వెనక కూర్చునింది. మా వీధి మలుపు తిరిగేటప్పుడు సర్దార్‌బీ నా పక్క చూసింది, పళ్ళు బిగబట్టుకొని ఉంది, అయినా చెయ్యెత్తి సలాము పెట్టింది. పెట్టిందా? పెట్టినట్టే గుర్తు. మంచి పిల్ల, మా ఇంట్లో పెళ్ళికి సేమ్యాలు చేసి పంపింది ఒకసారి, వెంట్రుకంత సన్నం, ఎండకు ఆరబెట్టి.

ఊళ్ళో అందరూ అనుకున్నారు, ఆదిశేషమ్మ కారు ఇచ్చింది, అంత వానలో, డ్రైవరు పెళ్ళానికి. పక్కింటి పేరమ్మ వచ్చి మరీ చెప్పింది, తల్లీ, నీ చెయ్యి చల్లనిదని. నాకు సంతోషంగానే ఉండింది, ఎందుకు దాచాలి, మా ఆయన ఉంటే మెచ్చుకునుండేవాడనిపించింది. సర్దార్‌బీ మాత్రం బతకలేదు. ఆసుపత్రి చేరినాక రెండు గంటల్లోనే పోయింది, ఆడపిల్ల మాత్రం మిగిలింది. ఆ పిల్లకు ఇప్పటికీ మా ఇంటి నుంచి అర్ధసేరు పాలు పోతాయి. ఆ పాలు ఇంటి ఖర్చులోనే రాసినా, నయం, అవి కూడా కంపెనీలో రాసుంటే ఇంకేం మిగిలేది నా బతుకులో?

మూడో రోజు ఫాతెహా ప్రార్థనలు అయినాక వచ్చినాడు మౌలా. వాన తెరిపిచ్చింది. కారు వాడే కడిగినాడు, దుప్పటి ఉతికి తెచ్చి మడత పెట్టి అరుగు మీద పెట్టినాడు, ‘మరక పోలేదమ్మా’ అన్నాడు తప్పు చేసినోడి మాదిరి. నేను బల్ల దగ్గర కూర్చొని పుస్తకం రాసుకుంటుండా. ఏదో ఓదార్పు మాట చెప్పినా, ఏం చెప్పినానో గుర్తు లేదు, గుర్తు పెట్టుకోదగ్గ మాటై ఉండదు. వాడు కుడి జేబులో చెయ్యి పెట్టి, చింతపిక్కలు తీసి బల్ల మీద పోసినాడు. ఇరవై ఆరు. నేను లెక్క పెట్టినా కూడా, వేలితో రెండు రెండుగా తోస్తా లెక్క పెట్టినా, అలవాటు. ‘ఇవి ఏ డబ్బాలో వేసేదమ్మా’ అన్నాడు.

తల ఎత్తలేదు నేను. తల ఎత్తుంటే వాడి మొహం చూసుండేదాన్ని, చూసుంటే ఇంకో మాట వచ్చుండేదేమో. ఆ నెల ఇంటి డబ్బా నిండిపోతా ఉండింది, అదీ నా గోల. కార్తీక పున్నమికని మైపాడు సముద్రస్నానానికి పోయినా, మా చెల్లెలు వెంకటశేషమ్మని ఎక్కించుకొని పోయినా, అంతకు ముందు ఏకాదశికి ఒకసారి పోయినా, అన్నీ ఇంటి మైళ్ళే. ఇంటి మైళ్ళు ఎక్కువైతే ఆఫీసరు ఊరుకోడని రంగనాయకులు చెప్పుండె. అది తలలో తిరుగుతుంది. ‘కంపెనీ డబ్బాలో వేసెయ్’ అన్నా. వేసినాడు. డబ్బాలో పిక్కలు పడిన చప్పుడు వినపడింది. నేను కలం ముంచి రాసినా, పదిహేడు, శనివారం, ఏం పని మీద అనే గడిలో ఒక్క క్షణం ఆగినా, ఆగి, ఉప్పు శాంపిళ్ళు అని రాసినా. నా పుణ్యానికి తిరిగిన మైళ్ళు సరిపెట్టడానికి సర్దార్‌బీ చావుకు తిరిగిన మైళ్ళు వాడుకున్నా. ఆ వారమే నెల్లూరులో మీటింగు పెట్టి యుద్ధానికి బంగారం ఇమ్మంటే చేతి గాజులు రెండు తీసిచ్చినా, పెద్దపెద్ద వాళ్ళు చప్పట్లు కొట్టినారు, పేరు చదివినారు. గవర్నమెంటుకు గాజులిచ్చిన చేత్తోనే గవర్నమెంటు దగ్గర ఇరవై ఆరు మైళ్ళు దొంగతనం చేసినా. తూ, నా బతుకు.

ఆ చింతపిక్కలు. వారం రోజులుగా నిద్ర పట్టనిది వాటి వల్లే. అప్పుడు తట్టలేదు నాకు, లెక్క పెట్టి తోసేసినా. వెనక సీట్లో పెళ్ళాం అరుస్తుంటే, వాగు నీళ్ళు తలుపుల్లోంచి వస్తుంటే, మైలురాయో, రాయి పీకిన గుంటో కనపడినప్పుడల్లా ఈ మనిషి స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసి ఒక పిక్క అటు నుంచి ఇటు మార్చినాడు. నా కోసం. మానేసుంటే నేనేమనేదాన్ని? ఏమనను, పదమూడని నాకు తెలీదా. తిరుగుదారిలో కూడా మార్చినాడే. వెనక అరుపులు లేవు, ముసల్ది ఏడుస్తుంది, వాడేమో ఆ రాళ్ళూ గుంటలూ చూసుకుంటా, ఒకటి, రెండు, మూడు. లేకపోతే అలవాటు కొద్దీ ఇంటికొచ్చి పదమూళ్ళు రెండు లెక్కేసి తెచ్చినాడా? అడగాలనుంటుంది. అడిగే మొహం లేదు.

‘మౌలా.’

‘అమ్మా.’

స్తంభం వదిలి దగ్గరికొచ్చి నిలబడినాడు, చేతులు కట్టుకొని. గడియారంలో రెండున్నర. చొక్కా కాలరు చిరిగింది వెనక్కి తిప్పి కుట్టించుకున్నాడు, ఎవరు కుట్టినారో. సర్దార్‌బీ పోయినాక మళ్ళీ చేసుకోరా అంటే చేసుకోలేదు. చెప్పు ఆదిశేషమ్మా, చెప్పు, ఉప్పు, రెండక్షరాల మాట, పొద్దున లేస్తే వందసార్లు అంటావు ఆ మాట.

‘దాహంగా ఉందా?’ అన్నా.

‘లేదమ్మా. మీకు సోడా తెచ్చేదా?’

‘వద్దు.’

మళ్ళీ స్తంభం దగ్గరికి పోయినాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. వాడిని ఎందుకు తీసుకొచ్చినానో కూడా అడగలేదు వాడు. ‘బేస్తవారం నెల్లూరులో ఆఫీసరు నిన్ను ఏదో అడుగుతాడంట’ అన్నా, ‘సరేనమ్మా’ అన్నాడు, ఉతికిన చొక్కా వేసుకొని వచ్చినాడు. ఏ తారీఖు సంగతో వాడికి తెలీదు, ఇంగ్లీషు తారీఖులు వాడి తలకెక్కవు. ఒకవేళ నేనేం చెప్పకుండా ఊరుకుంటే? లోపల నిజమే చెప్తాడు. చెప్తే ఆఫీసరు నవ్వుతాడు, పుస్తకం కొట్టేస్తాడు, అది సరే, కానీ అక్కడే, వాడి ముందరే చదువుతాడు గదా, ఉప్పు శాంపిళ్ళు అని. వాడికి తెలిసిపోతుంది. ఇప్పుడు చెప్తే నా నోటితో తెలుస్తుంది, చెప్పకపోతే ఆఫీసరు నోటితో తెలుస్తుంది. ఏ పక్క దొర్లినా అదే ముల్లు. అబద్ధం చెప్పమంటే వాడు నా కోసం చెప్తాడు, శుక్రవారం నమాజు తప్పని మనిషి, చెప్పి ఇంటికి పోయి ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుంటాడు. ఎట్లా చూసుకుంటాడు పిల్ల మొహం? నేనెట్లా చూసేది రేపటి నుంచి అద్దంలో ఆ కళ్ళు?

వద్దు. చెప్పను. ఏదైతే అదవుతుంది. ఇట్లా అనుకున్నానో లేదో మళ్ళీ భయం, రంగనాయకులి మాటలు, వెనకటివన్నీ తిరగదోడతాడు, ముత్తుకూరులో తెలిస్తే, ఆదిశేషమ్మ రాత ముత్యాలంట, అబద్ధాల ముత్యాలంట. చెప్తాను, ఇప్పుడే చెప్తాను, లేచి స్తంభం దగ్గరికి పోయి చెప్తాను, కూర్చోబెట్టి చెప్పడానికి రాకపోతే నిలబడి చెప్తాను. లేచినా. నిజంగానే లేచినా. జీపు వచ్చి ఆగింది, ఆఫీసరు దిగి రుమాలుతో మూతి తుడుచుకుంటా లోపలికి పోయినాడు, మూడు కూడా కాలేదింకా. ‘ముత్తుకూరు ఆదిశేషమ్మ గారూ, డ్రైవరూ!’ అని బంట్రోతు కేక.

గదిలో ఫ్యాను కటకటమంటుంది. నన్ను కూర్చోమన్నాడు ఆఫీసరు, మౌలా బల్ల ముందర నిలబడినాడు. పుస్తకం తీసి ఆ పేజీ తెరిచినాడు. ‘దేవుడి మీద ప్రమాణం చేసి నిజం చెప్పాలి’ అంటే మౌలా భుజం మీద తువ్వాలు తీసి తల మీద కప్పుకున్నాడు, ‘అల్లా సాక్షిగా నిజమే చెప్తా సార్’ అన్నాడు.

‘అరవై రెండు నవంబరు పదిహేడు.’

‘తారీఖులు తెలీవు సార్.’

‘చైనా యుద్ధం రోజులు. వాగు పొంగి బస్సులు నిలిచిపోయిన శనివారం. ఆ రోజు మీ కారు నెల్లూరు వచ్చిందా?’

వాడికి తెలిసిపోయింది ఏ శనివారమో. ‘వచ్చింది సార్’ అన్నాడు.

‘వాగులో ఎట్లా వచ్చినావు?’

‘ఫ్యాను బెల్టు ఊడదీసినా సార్, లేకపోతే నీళ్ళు ఎగజల్లి ఇంజను ఆగిపోద్ది. మొదటి గేర్లో పెట్టి, కాలు ఎత్తకుండా దాటించినా. ఇద్దరు ముగ్గురు ముందర నడిచి చూపించినారు.’

ఆఫీసరు నమ్మినాడు. నమ్మినట్టు తెలిసిపోయింది మొహంలో. అక్కడ ఆగుంటే చాలు దేవుడా, ఆపు, ఇంకేం అడగొద్దు. ‘అంత వానలో, అంత తెగించి రావాల్సిన పనేముంది?’ అన్నాడు. నేను నోరు తెరిచినా. ‘బాబూ, అదీ’ అన్నా. ‘మీరుండండమ్మా, అతన్ని చెప్పనీండి’ అని చెయ్యి అడ్డం పెట్టినాడు.

మౌలా నా పక్క చూసినాడు. భయం లేదు వాడి మొహంలో. ‘మా ఇంటామె సార్, సర్దార్‌బీ. పురుడు కష్టమయింది. అమ్మ కారు తీసుకుపొమ్మన్నారు, పెట్రోలుకు కూడా ఇచ్చినారు’ అన్నాడు.

‘ఇందులో వ్యాపారం కింద రాసుందే?’

‘అవును సార్. కంపెనీ డబ్బాలోనే వెయ్యమన్నారు. నేను ఇంటి లెక్కలో వేస్తారనుకున్నా సార్, దానధర్మం కింద. అమ్మ ఒక్క మాట కూడా ఆలోచించలేదు, కంపెనీదేననేసినారు. పెద్దపెద్ద కంపెనీల్లో పనోళ్ళకు చేస్తారంట గదా సార్, అట్లా మా సర్దార్‌బీని కంపెనీ మనిషి కింద లెక్కేసినారు. మా వాళ్ళందరికీ చెప్పుకున్నా సార్ నేను.’

ఆ గదిలో నేల చీలి నన్ను మింగేసుంటే బాగుండేది. పదహారు నెలలుగా ఈ మనిషి నా నీచాన్ని గౌరవమనుకొని మోసుకు తిరుగుతుండాడు, చుట్టాలకు చెప్పుకుంటుండాడు, మసీదులో చెప్పుకుంటుండాడు. ఆఫీసరు పుస్తకంలో ఆ లైను మళ్ళీ చదివినాడు, పైకి కాదు, మనసులోనే, పెదాలు కదిలినాయి. నా మొహం చూసినాడు. నేను ఆయన బల్ల మీది సిరాబుడ్డి చూస్తుండా. తిడితే బాగుండు, పెనాల్టీ అంటే బాగుండు, కేక వేస్తే బాగుండు.

‘అమ్మా’ అన్నాడు మెల్లగా, ‘ఉద్యోగి ఇంట్లో ప్రాణం మీదికొస్తే కంపెనీ కారు ఇవ్వడం వ్యాపారం ఖర్చే. చట్టం ఒప్పుకుంటుంది. ఉన్నదున్నట్టు రాసుంటే నేనీ లైను దగ్గర ఆగేవాణ్ణే కాదు.’ పుస్తకం నా పక్కకు తిప్పి కలం ఇచ్చినాడు. ‘అది కొట్టేసి, పక్కన అసలు సంగతి రాసి సంతకం పెట్టండి. మిగతాదంతా ఒప్పుకుంటున్నాను.’

ఒప్పుకుంటాడంట. నిజం రాసినా ఒప్పుకునేవాళ్ళంట. అబద్ధం అవసరమే లేదు, రూపాయి కూడా పోయేది కాదు. నా డ్రైవరు పెళ్ళాం నా వ్యాపారంలో మనిషేనని గవర్నమెంటుకు తెలుసు, మౌలాకు తెలుసు, నాకే తట్టలేదు. ఆ గడిలో కలం పెట్టి ఒక్క క్షణం ఆగినప్పుడు ఉప్పు తట్టింది గానీ సర్దార్‌బీ పేరు రాయొచ్చని తట్టలేదు. కొట్టేసినా. రాసినా, డ్రైవరు మౌలా భార్య సర్దార్‌బీని ప్రసవానికి నెల్లూరు ఆసుపత్రికి. నా ముత్యాల రాత వంకరపోయింది. ఆఫీసరు చూసి, ‘రానూ పోనూ అని ఉంది, తిరిగి పోయేటప్పుడు ఎవరున్నారో అది కూడా వేసేయండి’ అన్నాడు, మామూలుగానే అన్నాడు, ఆయనకు తెలీదు పాపం.

‘ఆమేనండి’ అన్నాడు మౌలా.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలమ్మా, పోయిరండి అన్నాడు.

మెట్లు దిగినాం. ముందర వాడు, వెనక నేను, పుస్తకం గుండెలకు ఆనించుకొని. రోడ్డు మీద జట్కాలు, సైకిళ్ళు, ఎవరి పని మీద వాళ్ళు పోతుండారు. మౌలా తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు, ఏదో బరువు దించుకున్నట్టు నడుస్తుండాడు, నిజం చెప్పినోడి నడక. కారు దగ్గర తలుపు తీసి పట్టుకొని, ‘అమ్మా, లోపల ఏందో కొట్టేసి రాయించినాడే సారు, అంతకు ముందు ఏం తప్పు పడిందమ్మా?’ అన్నాడు.

తారీఖు తప్పు పడిందిరా అంటే చాలు. నమ్ముతాడు. కంపెనీ మనిషని చుట్టాలకు చెప్పుకుంటానే ఉంటాడు, నేను వెనక సీట్లో కూర్చొని ఇంటికి పోతా, పదమూడు మైళ్ళు. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ గంట సేపు రాని నోరు అప్పుడు తెరుచుకుంది, ఎందుకో తెలీదు, సిగ్గుతో చచ్చిపోతుండినా తెరుచుకుంది.

‘సర్దార్‌బీ పేరు రాయలేదు మౌలా నేను. అక్కడ ఉప్పు శాంపిళ్ళని రాసినా’ అన్నా.

తలుపు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంది. కోపం రాలేదు వాడికి, అర్థం కాలేదు. లెక్కలో నేనెక్కడో పొరపాటు పడి ఉంటానని, దాన్ని సరిదిద్దేదానికి చూసినాడు.

‘వానల్లో మనం ఉప్పు ఎత్తం గదమ్మా’ అన్నాడు.